నమూనా పొట్లం

భోపాలపట్నం
5 ఆగస్టు 2024

వాసవీ,

అందరం బాగానే ఉన్నాం. కొట్టు తెరిచే ఉంది, ఇంద్రావతి నీళ్లు ఇంకా రోడ్డెక్కలేదు. నీ క్షేమం నువ్వు రాయలేదు కాబట్టి బాగానే ఉన్నావనుకుంటున్నాను.

నీ ఉత్తరం మీ నాన్న రెండుసార్లు చదివి, మడిచి, తెచ్చి నా గల్లాపెట్టె మీద పెట్టాడు. తేల్చలేని సంగతి ఏదొచ్చినా మా తమ్ముడు ఉమామహేశ్ చేసే పని అదే. పెళ్లయి పాతికేళ్లయినా అక్క ఉంది కదా అనే ధైర్యం వాడికి పోలేదు.

అయితే నీకిప్పుడు ఒక పాత తుపాకి కావాలి, ఒక కొత్త కోటు కావాలి, హైదరాబాదు వెళ్లి దానిలో వేసే ఛర్రాలు, అదే సీసం గుళ్లు, ఏరుకోవాలి. అంతేనా? ఇంకేమైనా ఉందా? పోయినేడు ఒక్క పాయింటు చిల్లరలో నేషనల్స్ తప్పిపోతే తుపాకి అరువుది అన్నావు. అంతకు ముందేడు బూటు మడమ అరిగింది అన్నావు. ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికొకతె. ఆవిడ కూడా జగదల్‌పూర్‌లో హాస్టల్లో ఉండే చదువుకుని ఉంటుంది.

ఆ కోటు బొమ్మ చూశాను. లోపల మనిషి లేకపోయినా తనంతట తనే నిలబడేలా ఉంది. మన ఎండకి గోనెసంచి తొడుక్కుని, కదలకుండా గంటంబావు నిలబడి, పది మీటర్ల దూరంలో ఉన్న కాయితాన్ని కొడతావు. మన గోదాములో చింతపండు ఏరే బుధ్రికి ఇదంతా చెప్పాను. చేతిలో పని ఆపి నవ్వింది. "కాయితాన్ని కొడ్తదా? కొట్టినంక ఏం జేస్తది, వండుకుంటదా?" అంది. దాని మేనమామ విల్లుతో అడవికోడిని కొడతాడు. ఆ బాణం ఏ కంపెనీదో ఆయన ఎప్పుడూ అడగలేదట.

సరే, కొనుక్కో. కానీ మాట మాటే. ఈసారి కూడా ఆ నేషనల్స్ గీత దాటకపోతే దసరాకల్లా వచ్చి కొట్టులో కాటా ముందు కూర్చోవాలి. నా తర్వాత ఈ కొట్టు చూసేవాళ్లు కావాలి. మీ నాన్న చేతికి చింతపండుకీ చెప్పుల తోలుకీ తేడా తెలియదు.

తుపాకి లేకుండానే యాభై ఎనిమిదేళ్లు బతికిన
నీ మేనత్త జ్ఞానప్రసూన


జగదల్‌పూర్
11 ఆగస్టు 2024

అత్తకు నమస్కారాలు.

ఫోన్ చెయ్యలేదని నాన్న అలిగాడట. పోటీ అయ్యేదాకా మా అందరి ఫోన్లూ భూషణం సార్ ఇనప్పెట్టెలో ఉంటాయి. ఆయన కిరండూల్ లైన్లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరై, ఒక పాత గోదాములో మా చేత తుపాకులు పట్టిస్తున్న మనిషి. "ఫోను సూసిన కళ్లు పది నిమిషాలు అబద్ధం సెబుతాయి" అంటారు. అందుకే ఉత్తరం రాసి బస్సు కండక్టరుకి ఇస్తున్నాను. నీకు ఎలాగూ ఫోన్లో తిట్టడం కన్నా కాగితం మీద తిట్టడమే ఇష్టం.

మద్దెల సంగతి రాశావు. ఇక్కడ సురేష్‌బాబు అని ఒకడున్నాడు. వాళ్ల నాన్న వాడికి నీలం రంగు అల్యూమినియం తుపాకి కొనిచ్చాడు. దానికి తిప్పే మరలు ఎన్నున్నాయో వాడికే తెలియదు. రోజూ ఒకటి తిప్పుతాడు, మర్నాడు మళ్లీ వెనక్కి తిప్పుతాడు. మన కొట్లో కూడా అలాంటి బేరగాళ్లు వస్తారుగా, సంచి రంగు చూసి బియ్యం కొనేవాళ్లు.

నేను కొన్నది చెక్క తుపాకి. పదకొండేళ్లు కొట్టి మానేసిన ఒక రాయపూర్ అమ్మాయిది. సార్ దాని గొట్టంలోకి టార్చి వేసి చూశారు. గాలి సిలిండరు మీద తేదీ చూశారు, అది తీరిపోతే తుపాకి ఎంత మంచిదైనా వాడనివ్వరు. ట్రిగ్గరు యాభైసార్లు నొక్కించారు. నేను చెక్క మీద గీతలు పడ్డాయంటే, "తుపాకి కొనేటప్పుడు రంగు సూత్తారేటమ్మా? గొట్టం సూడాల. నీ బుగ్గ ఆనితే కన్ను దానంతటది సూటికి రావాల" అన్నారు. ఆనించాను. వచ్చింది. అంతే, కొనేశాం.

ఇక ఛర్రాలు. ఇది నీకు చెప్పడం నా వల్ల అవుతుందో లేదో. ఒకే కంపెనీ, ఒకే బరువు, ఒకే సైజు. అయినా డబ్బా వెనక ఒక నంబరు ఉంటుంది, ఏ అచ్చులో ఎప్పుడు ఒత్తారో చెప్పేది. ఒక్కో గొట్టానికి ఒక్కో నంబరు పడుతుంది. ఎందుకు అని అడగొద్దు, ఎవరికీ తెలియదు. తుపాకిని బల్లకి బిగించి, ఒక్కో నంబరుతో పదేసి కొట్టి, పదీ కలిసి ఎంత చిన్న చిల్లు పెడతాయో కొలిచి చూడటమే దారి. పోయినేడు నేను తప్పింది ఒక్క పాయింటు చిల్లరలో. ఆ చిల్లర ఈ చిల్లులోనే ఉంది అత్తా.

కోటు ఇంకా రాలేదు. వచ్చాక నిలబెట్టి చూసి చెబుతాను.

నీ వాసవి


భోపాలపట్నం
17 ఆగస్టు 2024

వాసవీ,

డబ్బా వెనక నంబరు గురించి నాకు పాఠం చెప్పావు. సంతోషం. నలభై ఏళ్లుగా ఈ కొట్టులో స్టిక్కర్లు చూస్తున్నాను. నిన్నటి సబ్బుకి ఇవాళ్టి స్టిక్కరు అంటించడం ఎంత పనో నాకు తెలుసు. ఎందుకో ఎవరికీ తెలియదు అని అమ్మేవాడు అన్నాడంటే ఎందుకో వాడికి బాగా తెలుసు అని అర్థం.

ఒక్కటి మాత్రం నచ్చింది, చెబుతున్నాను. గీతలు పడ్డ సరుకు తీసుకున్నావు. చేత్తో పట్టుకుని చూసి తీసుకున్నావు. మన ఇంటి పిల్లవే.

మీ నాన్నకి మోకాలు నొప్పి. నేను చెప్పిన నూనె రాయడు, టీవీలో చెప్పిన పట్టీ కట్టుకుంటాడు. దానికీ వెనకాల నంబరుందేమో చూడాలి.

అత్త


జగదల్‌పూర్
28 ఆగస్టు 2024

అత్తకు,

హైదరాబాదు వెళ్లి వచ్చాను. ఏడు నంబర్లు కొట్టి చూశాను. ఆరింటితో చిల్లు ఒకదాన్ని మించి ఒకటి పెద్దదైంది. ముప్పై ఏడో నంబరుతో పది ఛర్రాలూ ఒకదాని వెనక ఒకటి ఒకే కన్నంలోంచి వెళ్లాయి. చిల్లు చిన్న బొట్టుబిళ్లంత. కొలిచే బల్ల దగ్గర ఉన్నాయన "మీ తుపాకికి సంబంధం కుదిరిందమ్మా" అన్నాడు.

కానీ ఆ నంబరువి మొత్తం నాలుగు డబ్బాలే మిగిలాయి. అవి వేరే గోదాములో ఉన్నాయట, వారంలో పంపుతానన్నాడు. మామూలు ప్రాక్టీసుకి యాభై రెండో నంబరువి ఇంకో నాలుగు తీసుకున్నాను. మొత్తం ఎనిమిది. మన సరుకు తెచ్చే రాఘవులు బండిలో వేయమన్నాను. కాబట్టి పెట్టె ముందు నీ దగ్గరికి వస్తుంది. అక్కణ్నుంచి జగదల్‌పూర్‌కి పంపించు.

ఇవి మెత్తటి సీసం. గోరు గుచ్చితే గాటు పడుతుంది. అంచు కాస్త వంగినా దారి తప్పుతుంది. కుదుపు తగలకూడదు. బీజాపూర్ దాకా ఆ గుంతల్లో రాఘవులు ఎలా తోలుతాడో నాకు తెలుసు కాబట్టి మరీ మరీ చెబుతున్నాను. సెప్టెంబరు ఇరవై ఏడున రాయపూర్లో పోటీ. ఈసారి గీత 612.

కోటు వచ్చింది. నిజంగానే తనంతట తనే నిలబడుతోంది. నువ్వు గెలిచావు.

ఇదంతా నీకు పిచ్చిగా ఉంటుందని తెలుసు. క్వింటాళ్లలో తూచే చేతులకి వెంట్రుకవాసి లెక్కలు ఎక్కవు. చెప్పినట్టు చెయ్యి చాలు, అర్థం కానక్కరలేదు.

వాసవి


భోపాలపట్నం
8 సెప్టెంబరు 2024

వాసవీ,

అర్థం కానక్కరలేదన్నావు కాబట్టి అర్థం చేసుకునే చేశాను.

పెట్టె మొన్న వచ్చింది. విప్పాను. నాలుగు డబ్బాలు మేలు రకం, నాలుగు నాసిరకం, విడివిడిగా. వ్యాపారస్తుల పిల్లవై ఉండి ఇలాగేనా సరుకు ఉంచుకునేది? మనం గీదం మార్కెట్‌కి చింతపండు ఎలా పంపిస్తాం? ఊరూరి సరుకూ గోదాములో ఒక్క చోట పోసి, మేలూ నాసీ బాగా కలిపి, ఒకే తీరుగా చేసి పంపిస్తాం. విడిగా పంపితే నాసి మిగిలిపోతుంది, మేలు నాలుగు రోజుల్లో అయిపోతుంది. కలిపితే అంతా నెగ్గుతుంది. నాలుగు డబ్బాలే ఉన్నాయని ఏడ్చావు కదా, ఇప్పుడు నీకు ఎనిమిది డబ్బాల మంచి సరుకు ఉంది.

ఇంకొకటి. కుదుపు తగలకూడదన్నావు. ఆ డబ్బాలు చేత్తో పట్టుకుంటేనే లోపల గలగలమంటున్నాయి. అందుకని అన్నీ మన స్టీలు ఆవాల డబ్బాలో పోసి, గట్టిగా కూరి, పైన దూది కుక్కి మూత పెట్టాను. ఇప్పుడు కదలమన్నా కదలవు. బిల్లు మూతకి అంటించాను. దారిలో తనిఖీ నాకా దగ్గర జవాన్లు అడిగితే ఎనిమిది మూతలు తియ్యక్కర్లేదు, ఒక్కటి తీస్తే సరిపోతుంది. రేపు ఉదయం రాఘవులు తెస్తాడు.

బుధ్రి ఒకటి తీసి చూసి "గింత బుడ్డ గుండుకు గంత లొల్లా?" అంది. నేను దాన్ని కోప్పడ్డాను. ఎంతైనా మన పిల్ల సరుకు.

ఆవాల డబ్బా తిరిగి పంపించు. మీ నాయనమ్మది.

క్వింటాళ్లలో తూచే చేతులు గల
అత్త


జగదల్‌పూర్
12 సెప్టెంబరు 2024

అత్తా,

నమస్కారం రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

డబ్బా మూత తీసి చూశాను. నాలుగు వేల ఛర్రాలు. ఏది ముప్పై ఏడో, ఏది యాభై రెండో దేవుడు దిగివచ్చినా చెప్పలేడు. వాటి మీద నంబరు ఉండదు, డబ్బా మీదే ఉంటుంది. నువ్వు కూరితే ఒకదాన్నొకటి నొక్కుకుని సగం వాటి అంచులు పోయాయి. సార్ బల్లకి బిగించి పది కొట్టించారు. బొట్టుబిళ్ల ఉండాల్సిన చోట రూపాయి బిళ్లంత చిల్లు పడింది. సార్ ఆ చిల్లు చూసి, "ఎవురు కలిపేరు?" అని మాత్రం అడిగారు. మా అత్త అని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

హైదరాబాదుకి కబురు పెట్టించాను. ముప్పై ఏడు ఒక్క డబ్బా కూడా లేదు. పోటీకి పదిహేను రోజులుంది.

నీకు ఇది పొరపాటు కాదు. నీకు నేను గీత దాటడం ఇష్టం లేదు. దసరాకి కాటా ముందు కూర్చోబెట్టాలి, అంతే. నోటితో వద్దనలేక చేత్తో చేశావు. తుపాకి కొనమన్నావు, కోటు కొనమన్నావు, చివరికి తూకం దగ్గర వేలు పెట్టావు. నాన్న మాట కాదనడు, నేను కాదనలేను, ఇంట్లో నీ మాటే చెల్లాలి. చెల్లింది. సంతోషమేనా? నీకు తెలియకపోతే తెలియదని ఊరుకోవాలి. అన్నీ చింతపండే అనుకునే మనిషికి ఏ సరుకూ అప్పగించకూడదని ఇప్పుడు తెలిసింది.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు.

వాసవి


భోపాలపట్నం
16 సెప్టెంబరు 2024

వాసవీ,

జవాబు రాయకన్నావు. ఇది జవాబు కాదు, సరుకు.

దీనితో పాటు రాఘవులు గాజుల పెట్టె ఒకటి ఇస్తాడు. అందులో దూది మధ్య కాగితం పొట్లం ఉంది. పొట్లం మీద 37 అని నా చేతిరాత ఉంది. లోపల డెబ్బై నాలుగు ఛర్రాలున్నాయి. డబ్బాలు కలపకముందు ముప్పై ఏడో నంబరు డబ్బాలోంచి అరచేతి గుంటలో పట్టినన్ని తీసి నమూనాల సొరుగులో పెట్టాను. ఇవి దేనితోనూ కలవలేదు, దేని కిందా నలగలేదు.

సరుకు కలిపే ముందు నమూనా తీసి దాచని ఇంట్లో పుట్టాననుకున్నావా? మా నాన్న ధర్మయ్య నాకు కాటా పట్టడం రాకముందే ఈ పని నేర్పాడు. ఏ బస్తా విప్పినా ముందు పిడికెడు తీయాలి, పొట్లం కట్టాలి, మీద నంబరు వేయాలి, కింద ఏ ఊరి సరుకో రాయాలి. రేపు ఎవరైనా వచ్చి నువ్వు పాడు చేశావంటే ముఖాన పెట్టడానికి. ఇన్నేళ్లలో పెట్టాల్సి వచ్చింది రెండుసార్లు. మూడోసారి సొంత మేనకోడలికి పెడుతున్నాను. ఊరు రాయాల్సిన చోట మాత్రం ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను. ఆ సీసం ఏ దేశంలో పుట్టిందో ఎవరికి తెలుసు?

తప్పు నాదే. అది రాయకుండా దాటేయను. కలపొద్దని నువ్వు విడిగా రాయలేదు గానీ, ఒక్కో గొట్టానికి ఒక్కోటి అని రాశావు. చదివాను. చదివి నవ్వాను. నవ్వినదానికి శిక్ష పడింది.

నువ్వు వచ్చి కొట్టులో కూర్చోవాలని నాకుంది. దాచను. రోజూ నీ పీట తుడిపిస్తాను. కానీ తూకం దగ్గర వేలు పెట్టావు అన్నావు చూడు. ఆ మాట పోటీ వ్యాపారులు కూడా ఇంతవరకూ నన్ను అనలేదు. చదివి ఏడ్చాను. బుధ్రి ముందు కాదు, గోదాములోకి వెళ్లి ఏడ్చాను.

అరవై కొట్టాలట కదా. డెబ్బై నాలుగున్నాయి. లెక్క చూసుకో.

జ్ఞానప్రసూన


రాయపూర్
28 సెప్టెంబరు 2024

అత్తా, అత్తా,

613.1. గీత దాటాను. ఒక్క పాయింటు చిల్లరతో.

ముందు ఇది రాయాలి. నీ కాళ్లు పట్టుకుని అడగాల్సిన మాట కాగితం మీద అడుగుతున్నాను, క్షమించు. ఆ ఉత్తరం నేను కోపంతో రాయలేదు. నమ్మే రాశాను. అదే ఎక్కువ తప్పు.

రాఘవులు ఆ గాజుల పెట్టె తెచ్చిన తీరు నీకు చెప్పి ఉండడు. బండి పక్కన ఆపి, రెండు చేతులతో పట్టుకుని దిగాడు. "మీ అత్త దంతేశ్వరమ్మ మీద ఒట్టేయించుకున్నది బిడ్డా. బండి స్పీడు ఇరవై దాటితే కాళ్లు ఇరగ్గొడ్త అన్నది. సైకిల్ పోరలు గూడ నన్ను దాటిపోయిన్రు, ఇజ్జత్ పోయింది" అన్నాడు. ఒక పూట దారికి రోజున్నర పట్టింది.

ఇన్ని రోజులూ ఆవాల డబ్బాలోవాటితోనే ప్రాక్టీసు చేశాను. చిల్లు చూడొద్దు, నీ చెయ్యి చూసుకో అన్నారు సార్. పొట్లంలోవాటిని పరీక్షించడానికి ఒక్కటి కూడా కొట్టనివ్వలేదు. "పరీచ్చ మీ అత్త సేసేసింది, మనం సెయ్యక్కర్లేదు" అన్నారు. పోటీలో మొదట సరిచూసుకోవడానికి ఎన్నైనా కొట్టుకోవచ్చు. పక్కన అమ్మాయిలు ముప్పై, నలభై కొట్టారు. నేను కొట్టింది పదమూడు. సురేష్‌బాబు తన పోటీ ముగించుకుని వచ్చి వెనక కూర్చుని చూస్తూ, ఆఖర్న "గాజుల పెట్టెలో ఏ కంపెనీవి?" అని అడిగాడు. మా అత్త కంపెనీ అన్నాను.

నలభై ఒకటోది 8.9 పడింది. అది ఛర్రా తప్పు కాదు, తుపాకి తప్పు కాదు, కోటు తప్పు కాదు. నీ ఉత్తరం గుర్తొచ్చి ఊపిరి మధ్యలో వదిలేశాను. మద్దెల బాగానే ఉంది అత్తా, ఆ ఒక్క దెబ్బ నాదే. తర్వాత పంతొమ్మిదీ మళ్లీ ఒకే కన్నంలోంచి వెళ్లాయి.

పదమూడు, అరవై. డెబ్బై మూడు. సరిచూసుకునేటప్పుడు ఇంకొకటి కొట్టాలని చెయ్యి లాగింది. ఆపుకున్నాను. ఆ ఒకటి నీ పొట్లం కాగితంలోనే చుట్టి ఈ కవరులో పెట్టాను. సరుకంతా ఖర్చు పెట్టేస్తే రేపు ఎవరైనా వచ్చి అత్త పాడు చేసిందంటే ముఖాన పెట్టడానికి ఏముంటుంది?

నీ వాసవి


భోపాలపట్నం
4 అక్టోబరు 2024

వాసవీ,

613.1 అని మీ నాన్న వీధంతా చెప్పి వచ్చాడు. మోకాలు నొప్పి గుర్తు రాలేదు. ఎంతకి అని అడిగినవాళ్లకి చెప్పడం వాడికి రాలేదు. బుధ్రి మళ్లీ అడిగింది, కాయితం వండుకున్నదా అని. వండుకున్నది, నేషనల్స్‌కి భోజనానికి పిలిచారు అని చెప్పాను. దసరాకి నువ్వు రావద్దు. అక్కడే ఉండి కొట్టుకో. మాట మాటే, నాకైనా.

ఆవాల డబ్బా ఇంకా రాలేదు. పోటీలో గెలిచినవాళ్లు డబ్బాలు తిరిగి ఇవ్వకూడదని రూలేమైనా ఉందా?

నీ ఉత్తరంలో ఛర్రా దొరికింది. గల్లా మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. ఈ కొట్టులో ముగ్గురు గుమాస్తాలకి, మీ నాన్నకి, మీ నాన్న బావమరిదికి నమూనా తీయడం నేర్పాను. ఒక్కడికీ పట్టుబడలేదు. చేతిలో సరుకు ఉండగా, ఇంకొకటి వాడితే లాభమని తెలిసి కూడా, ఒకటి ఆపి దాచే చేతికి ఈ గల్లా అప్పగిద్దామని ఇన్నేళ్లు చూశాను. అది నీ చెయ్యే. ఇప్పుడు తెలిసింది. సరిగ్గా నిన్ను పిలవడానికి వీల్లేనప్పుడు తెలిసింది. నా రాతకి నేనే నవ్వుకున్నాను, ఈసారి శిక్ష ముందే పడింది కాబట్టి భయం లేదు.

ఛర్రాని మళ్లీ అదే కాగితంలో కట్టి నమూనాల సొరుగులో పెట్టాను. నంబరు కింద ఏ ఊరి సరుకో రాయకుండా వదిలేశానన్నాను కదా. భోపాలపట్నం అని రాశాను.

అత్త